డాక్టరమ్మాయి మళ్ళీ చదువుతానంటే...

పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి గేటు దగ్గర ఓ పావుగంట నిలబడి చూడండి. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి నగరంలో దిగినవాళ్ళు ఎంతమందో కనిపిస్తారు. చేతిలో ఎక్స్‌రే కవరు, భుజాన సంచీ, సంచీలో పులిహోర పొట్లం, నీళ్ళ సీసా. ఒకరికి గుండె, ఒకరికి మూత్రపిండాలు, ఇంకొకరికి వెన్నుపూస. లోపల డాక్టర్లు ఒక్కొక్కరినే చూసి పంపిస్తుంటారు. ఆ వరస మాత్రం తరగదు. మర్నాడు మళ్ళీ అంతేమంది!

మెట్రోలో ఒక్క స్టేషను అవతలే అమీర్‌పేట. అక్కడి హడావుడి వేరు. కంప్యూటర్ కోర్సుల బోర్డులు, పోటీ పరీక్షల కోచింగులు, జిరాక్సు షాపులు, సందుకొక లేడీస్ హాస్టలు. ఆ హాస్టళ్ళలో ఎంబీబీఎస్ ముగించి పీజీ సీటు కోసం రాత్రింబవళ్ళు చదివే అమ్మాయిలూ ఉంటారు. అలాంటి అమ్మాయి ఒకరోజు ఇంటికి ఫోను చేసి, "అమ్మా, నేను ఎంపీహెచ్ చేద్దామనుకుంటున్నా" అంటుంది.

ఎంపీహెచ్ అంటే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్. ప్రజారోగ్యంలో పీజీ డిగ్రీ అన్నమాట.

ఇంట్లో ఒక్కసారిగా నిశ్శబ్దం. నాన్నగారు పేపరు మడిచి పక్కన పెడతారు. నాయనమ్మ మాత్రం ఊరుకోదు. "డాక్టరు చదువు చదివి దోమల మందు కొట్టడానికి పోతావుటే?" అని అడిగేస్తుంది. మీరు పైకి ఏమీ అనకపోయినా మనసులో లెక్కలు మొదలవుతాయి. నాలుగున్నరేళ్ళ చదువు, ఏడాది హౌస్‌సర్జన్సీ, కట్టిన ఫీజులు... ఇవన్నీ వృథాయేనా? రేపు పెళ్ళివాళ్ళు "అమ్మాయి ఏం స్పెషలిస్టు?" అని అడిగితే ఏం చెప్పాలి?

అమ్మాయిని మందలించేముందు ఈ చదువు సంగతేమిటో ఒకసారి తెలుసుకుందాం రండి.

మీకు తెలిసిన విద్యే!

మీ ఇంట్లో పిల్లాడికి విరేచనాలు పట్టుకున్నాయనుకోండి. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో తలకొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టిస్తారు. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పరుగెడతారు. అదే వారంలో ఎదురింటి పిల్లకీ, పైవాటా వాళ్ళ బాబుకీ విరేచనాలని తెలిసిందనుకోండి, అప్పుడేం చేస్తారు? "మన నీళ్ళ ట్యాంకు కడిగించి ఎన్నాళ్ళయింది? మురుగు గొట్టం ఎక్కడైనా కలిసిందేమో చూడండి" అంటారు. అవునా?

పిల్లాడికి మందు వేయడం వైద్యం. ట్యాంకు మూత తీయించి చూడటం ప్రజారోగ్యం. ఈ రెండో పనినే వీధికి, ఊరికి, జిల్లాకి, దేశానికి చేయడమెలాగో నేర్పే చదువే ఎంపీహెచ్.

ఇందులో మొదట నేర్పేది ఎపిడెమియాలజీ. పేరు భయపెట్టినా విషయం తేలికే. రోగం ఎవరికి వస్తోంది, ఎక్కడ వస్తోంది, ఎప్పుడు మొదలైంది, వాళ్ళందరికీ కలిసిన సంగతేమిటి అని కూపీ లాగడం. తర్వాత లెక్కల శాస్త్రం, పోషకాహారం, తాగునీరు, పారిశుధ్యం, ఆసుపత్రుల నిర్వహణ, ఉన్న డబ్బును ఏ పనికి ముందు ఖర్చుపెట్టాలన్న ఆలోచన. వీటికితోడు పల్లెల్లో, బస్తీల్లో తిరిగి స్వయంగా సమాచారం సేకరించే పని.

ఓ చిన్న ఉదాహరణ. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. నీరసంగా ఉందని ఆసుపత్రికి వెళ్ళిన ఇల్లాలికి ఒక డాక్టరు ఐరన్ మాత్రలు రాసిచ్చి ఉండొచ్చు. కానీ సగానికి పైగా ఇళ్ళలో ఇదే బాధ ఉందని తెలిసింది మాత్రం గడప గడపకూ తిరిగి వేలికొన నుంచి చుక్క రక్తం తీసి చూడబట్టే కదా!

బేగంపేట మేడ కథ

డాక్టరు చదువుకి ప్రజారోగ్యం తోడయితే ఏమవుతుందో తెలియడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. అమీర్‌పేట పక్కనే బేగంపేట. అక్కడ పాత విమానాశ్రయానికి దగ్గర్లో ఒక పాతకాలపు మేడ ఉంది. సర్ రోనాల్డ్ రాస్ పేరుమీద దాన్ని కాపాడుతున్నారు.

రాస్ 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరిన డాక్టరు. కొన్నేళ్ళు ఉద్యోగం చేశాక 1888లో సెలవు పెట్టి ఇంగ్లండు వెళ్ళాడు. మళ్ళీ విద్యార్థిగా కూర్చుని ప్రజారోగ్యంలో డిప్లొమా పుచ్చుకుని, సూక్ష్మజీవుల శాస్త్రం కూడా నేర్చుకుని 1889లో తిరిగొచ్చాడు. ఉద్యోగంలో ఉన్న డాక్టరుకి మళ్ళీ ఈ చదువేమిటని ఆ రోజుల్లోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు!

అప్పట్లో మలేరియా చెడుగాలి వల్ల వస్తుందని చాలామంది నమ్మకం. దోమలమీద అనుమానం ఉన్న రాస్, సికింద్రాబాదులో ఉండగా హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలచేత కుట్టించాడు. అందుకు దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడంటారు. తర్వాత ఆ దోమలను కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. 1897 ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి ఆనవాలు కనిపించింది. మర్నాటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, రోగం దోమకాటు ద్వారానే పాకుతుందని రుజువు చేశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20ని ఇప్పటికీ ప్రపంచ దోమల దినంగా జరుపుకుంటున్నారు.

ఇక్కడే మనం గమనించాల్సిన సంగతి ఒకటుంది. దోమ గుట్టు తెలిశాక రాస్ ప్రాక్టీసు పెట్టుకుని జ్వరాలకు మందులిస్తూ కూర్చోలేదు. నిలవ నీళ్ళు లేకుండా చేస్తే జ్వరమే రాదు కదా అని ఊళ్ళు పట్టుకు తిరిగాడు. సూయజ్ కాలువ ఒడ్డున ఇస్మాయిలియా అనే ఊరిని మలేరియా పీల్చి పిప్పి చేస్తుంటే, 1902లో అక్కడికి వెళ్ళి గుంటలు పూడ్పించే, మురుగు పారించే ఏర్పాట్లు సూచించాడు. కొద్దికాలంలోనే అక్కడ మలేరియా తగ్గుముఖం పట్టింది.

నాయనమ్మగారు ఎగతాళి చేసిన దోమల పని ఇదేనండీ!

చెంచాడు మందు వెనక

మీ పిల్లలకు అంగన్‌వాడీలోనో, ఆరోగ్య కేంద్రంలోనో ఆరు నెలలకోసారి చెంచాతో విటమిన్ ఏ మందు పోయించే ఉంటారు. దాని వెనక మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కృషి ఉంది. 1918లో కూనూరులో చిన్నగా మొదలైన ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు వచ్చింది. అప్పట్లో విటమిన్ ఏ చాలక ఎందరో పసివాళ్ళు చూపు పోగొట్టుకునేవారు. కంటి డాక్టరు దగ్గరికి తెచ్చేసరికే ఆలస్యమైపోయేది. రోజూ మందు వేయడం పల్లెల్లో జరిగే పని కాదు. ఒకేసారి పెద్ద మోతాదు ఇస్తే నెలల తరబడి ఒంట్లో నిలవుంటుందని ఇక్కడి శాస్త్రవేత్తలు చూపించారు. ఆ ఆధారంతోనే 1970లో దేశమంతటా ఈ కార్యక్రమం మొదలైంది. పిల్లల పోషకాహారం మీద పరిశోధనలు చేసిన డాక్టర్ వినోదినీ రెడ్డి తర్వాతి కాలంలో ఆ సంస్థకు డైరెక్టరుగా కూడా పనిచేశారు. ఆడవాళ్ళకు ఈ దారి కొత్తదేం కాదు సుమండీ.

నల్గొండ ఫ్లోరైడ్ సంగతి మనకందరికీ తెలిసిందే. వంగిపోయిన కాళ్ళను, బిగుసుకుపోయిన వెన్నును ఎముకల డాక్టరు ఎంత గొప్పవాడైనా మునుపటిలా చేయలేడు. తాగే నీళ్ళు మారాలి. ఆ రోగానికి కారణం భూగర్భ జలంలోని ఫ్లోరైడేనని 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. సురక్షితమైన నీళ్ళు ఇంటింటికీ చేర్చే పని దశాబ్దాలపాటు సాగింది. 2016లో మిషన్ భగీరథ మొదలైంది కూడా ఈ బాధ తీర్చడానికే. కారణం తెలియడం ఒక ఎత్తు, దాన్ని ప్రభుత్వాల చేత చేయించడం ఇంకో ఎత్తు. ఆ రెండో ఎత్తు ఎక్కడమూ ఈ చదువులో భాగమే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మాటేమిటి? కొబ్బరితోటలు, జీడితోటలు ఉన్న పచ్చని సీమ. అక్కడ ఇంటికొకరన్నట్టు మూత్రపిండాల జబ్బు. చాలామందికి షుగరూ లేదు, బీపీ కూడా లేదు. నీళ్ళా, ఎండలో పనా, పురుగుమందులా, ఇంకేదైనానా? ఎందరు పరిశోధించినా కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభించారు. డయాలసిస్ ప్రాణం నిలబెడుతుంది, నిజమే. కానీ రేపు పుట్టే బిడ్డకు ఆ జబ్బు రాకుండా చేయాలంటే ఆ "ఎందుకు" అన్నది ఎవరో ఒకరు తేల్చాలి. ఆ పనికి రోగిని చూడటం తెలిసి, ఊరిని చూడటం కూడా తెలిసిన డాక్టరు కావాలి.

మన ఉస్మానియా డాక్టరే

"ఇవన్నీ పాత కథలు. ఇప్పుడెవరున్నారు?" అంటారేమో. డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డి ఉన్నారు. హైదరాబాదులోని ఉస్మానియా మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చదివారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎండీ, ఆపైన గుండె జబ్బుల్లో డీఎం చేశారు. అంతకంటే పెద్ద చదువేముంటుంది? అయినా కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి క్లినికల్ ఎపిడెమియాలజీలో ఎమ్మెస్సీ చేశారు. ఎయిమ్స్‌లో గుండె జబ్బుల విభాగానికి అధిపతిగా పనిచేస్తూనే, అసలీ గుండెపోట్లు మన దేశంలో ఇంతగా ఎందుకు పెరుగుతున్నాయని ఆలోచించారు. పొగాకు మీద పోరాడారు. 2005లో పద్మభూషణ్ అందుకున్నారు. 2006లో భారత ప్రజారోగ్య సంస్థ ఏర్పడితే దానికి తొలి అధ్యక్షుడయ్యారు. ఆ సంస్థ ఆధ్వర్యంలోనే 2008లో హైదరాబాదులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ మొదలైంది.

పదిమంది గుండెలు బాగుచేసిన చేయి, పదిలక్షల మందికి గుండెపోటు రాకుండా చూసే పనికి కూడా పనికొచ్చింది. మొదటి చదువు వృథా అయిందంటారా?

ఉన్న దారులు ఇవీ

అమ్మాయి ముందు మూడు దారులున్నాయి. మూడూ ఒకటే అనుకుంటే తర్వాత చిక్కు.

మొదటిది, కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎండీ. మూడేళ్ళు. దీనికి నీట్ పీజీ పరీక్ష రాయాలి. డాక్టర్లకు మాత్రమే. వైద్యమండలి గుర్తించే స్పెషలిస్టు చదువిది. మెడికల్ కాలేజీలో ఈ సబ్జెక్టుకు ప్రొఫెసరు కావాలన్న కోరిక ఉంటే ఈ దారే మేలు.

రెండోది ఎంపీహెచ్. సాధారణంగా రెండేళ్ళు. దీనికి దంత వైద్యులు, నర్సులు, ఆయుర్వేద, హోమియో డాక్టర్లు, ఇంకా కొన్ని డిగ్రీలవాళ్ళు కూడా అర్హులే. మన దగ్గర పైన చెప్పిన సంస్థలోనూ, గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ ఈ కోర్సుంది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ 1997లోనే ప్రారంభించింది. 1932లో ఏర్పడిన కలకత్తాలోని అఖిల భారత ప్రజారోగ్య సంస్థ ఈ విద్యకు పుట్టిల్లులాంటిది.

మూడోది విదేశీ ఎంపీహెచ్. ఇంగ్లండులో సాధారణంగా ఏడాది, అమెరికాలో ఏడాది నుంచి రెండేళ్ళు. అమెరికాలోనైతే డాక్టరు చదువునూ, ఎంపీహెచ్‌నూ కలిపి ఐదేళ్ళలో పూర్తిచేసే ఏర్పాటు చాలా విశ్వవిద్యాలయాల్లో ఉంది. మనకు మాత్రం ఒకటయ్యాకే ఇంకొకటి.

ఇంకో మాట. ఎంపీహెచ్ చేసినంత మాత్రాన ఎంబీబీఎస్ ఎక్కడికీ పోదు. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషను గడువు దాటకుండా పునరుద్ధరించుకుంటూ ఉంటే అమ్మాయి డాక్టరుగా రోగుల్ని చూడవచ్చు. కాకపోతే ఎంపీహెచ్ వల్ల ఆమె గుండె స్పెషలిస్టో, పిల్లల స్పెషలిస్టో అయిపోదు. ఇది ఇంటిల్లిపాదీ స్పష్టంగా తెలుసుకోవాలి.

అమెరికా మాట చెప్పేవాళ్ళుంటే

అమీర్‌పేట, పంజాగుట్ట పరిసరాల్లో విదేశీ చదువుల సలహా కేంద్రాలకు కొదవలేదు. మంచి సలహా ఇచ్చేవాళ్ళూ ఉంటారు. అయితే ఎవరైనా "ఎంపీహెచ్‌కి పంపిస్తాం, ఆపైన అమెరికాలో డాక్టరైపోవడమే" అని తేలిగ్గా చెబితే అక్కడే ఆగండి. అమెరికాలో రోగిని ముట్టుకోవాలంటే అక్కడి లైసెన్సు పరీక్షలు రాయాలి, రెసిడెన్సీ చేయాలి. ఎంపీహెచ్ ఎంత పెద్ద విశ్వవిద్యాలయంలో చేసినా దానివల్ల వైద్యం చేసే లైసెన్సు రాదు.

ఈ చిక్కు ఇవాళ్టిది కాదు. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యం చదివి, మామగారి సాయంతో 1923లో అమెరికా వెళ్ళారు. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల చదువులో డిప్లొమా తీసుకున్నారు. అంతటి మేధావికి కూడా అక్కడ వైద్యం చేసే అర్హత లేకపోవడంతో ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేసి పొట్ట పోసుకోవలసి వచ్చింది. తర్వాత పరిశోధనలో ప్రపంచానికి ఎన్నో మందులిచ్చారు. బోదకాలు వ్యాధికి ఊరూరా పంచే డీఈసీ మాత్ర ఆయన బృందం కృషి ఫలితమే. కానీ ఆయన మళ్ళీ స్వదేశం రాలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. 1948లో ఆయన అక్కడే కన్నుమూశారు.

అందరికీ అలా జరుగుతుందని కాదు. అప్పు చేసి విమానం ఎక్కించేముందు ఆ డిగ్రీతో ఏ ఉద్యోగం వస్తుందో, ఏది రాదో కాగితం మీద రాసుకుని చూడమనే ఈ మాటంతా.

తల్లిగా మీరు అడగవలసినవి

అమ్మాయిని కూర్చోబెట్టి, కాస్త కాఫీ ఇచ్చి, కోప్పడకుండా ఈ ప్రశ్నలు అడగండి.

1. పీజీ ర్యాంకు రాలేదన్న దిగులుతో ఇటు చూస్తున్నావా, నిజంగా ఇష్టమయ్యేనా? దిగులుతోనైతే ఇంకొన్నాళ్ళు ఆగమనండి. మనసంతా ఆపరేషన్ థియేటరులో పెట్టుకున్న పిల్ల ఇక్కడ ఇమడలేదు.

2. చేరేముందు ఏడాదిపాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, బస్తీ దవాఖానాలోనో పనిచేసి చూస్తావా? ఈ పని రుచి అక్కడే తెలుస్తుంది. ఏ సమస్య మీద పనిచేయాలో కూడా అక్కడే తడుతుంది.

3. ఆ కోర్సు ఏ విశ్వవిద్యాలయం కింద ఉంది? దానికి గుర్తింపు ఉందా? కిందటేడు చదివినవాళ్ళు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారు? ఇద్దరు ముగ్గురు పాత విద్యార్థులతో మాట్లాడందే ఫీజు కట్టవద్దు.

4. లెక్కలంటే భయమా? ఈ చదువులో అంకెలతో సహవాసం తప్పదు. సమాచారాన్ని కంప్యూటరులో విశ్లేషించడం వచ్చినవాళ్ళకు గిరాకీ ఎక్కువ.

5. జీతం మొదట్లో తోటి స్పెషలిస్టు డాక్టర్ల కంటే తక్కువగా ఉండొచ్చు. సర్దుకోగలవా? ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమాలు, పరిశోధన సంస్థలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ లాంటివి, స్వచ్ఛంద సంస్థలు, పెద్ద ఆసుపత్రులు వీళ్ళను తీసుకుంటాయి. కొన్ని ఉద్యోగాలు రెండు మూడేళ్ళ ఒప్పందం మీదే ఉంటాయని కూడా తెలిసి ఉండాలి.

పెళ్ళి విషయంలో కూడా ఒక మాట. ఈ పనిలో రాత్రి డ్యూటీలు, అర్ధరాత్రి అత్యవసర పిలుపులు తక్కువ. దాంతో పిల్లలున్న ఇల్లాలికి వీలుగా ఉంటుందని కొందరు అంటారు. కొంతవరకూ నిజమే. అయితే పల్లెలు తిరగాల్సి వస్తుంది, వారం పదిరోజులు ఊళ్ళు పట్టుకుని ఉండాల్సి రావచ్చు. కాబట్టి ఆ సంగతి సంబంధం మాట్లాడేటప్పుడే దాచకుండా చెప్పడం మంచిది. పిల్లల పెంపకంలో పడి ప్రాక్టీసు మానేసిన డాక్టరు కోడలు మీ ఇంట్లో ఉంటే, ఆమెకి ఈ దారి ఉందని మీరే ఒకసారి గుర్తుచేయండి. అత్తగారి నోట ఆ మాట వస్తే ఆమెకి కొండంత బలం.

ఇక మన వంతు

ఎంపీహెచ్ చదివిన డాక్టరు ఎంత మంచి పథకం వేసినా దాన్ని నడిపించేది మాత్రం ఇల్లాలే. డెంగ్యూ దోమ పగటిపూట కుడుతుంది. శుభ్రమైన నిలవ నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం పదిరోజులు చాలు. అందుకే 2020లో హైదరాబాదులో ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు ఇంట్లో నిలవ నీళ్ళు ఒంపేయమని మునిసిపల్ శాఖ పిలుపునిచ్చింది. పూలకుండీల కింద పళ్ళేలు, కూలరు తొట్టి, ఫ్రిజ్ వెనక ట్రే, డాబా మీద పడేసిన పాత టైరు, మూత సరిగా లేని సంపు... వారానికోసారి చూసుకుంటే చాలు. ఆ "వారానికోసారి" అన్న లెక్క ఎక్కడి నుంచి వచ్చింది? దోమ ఎన్నాళ్ళలో రెక్కలు తొడుక్కుంటుందో చూసి లెక్కకట్టినవాళ్ళ దగ్గర్నుంచే.

పైన రాసిన అయిదు ప్రశ్నలకూ మీ అమ్మాయి తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే, ఇంక అడ్డు చెప్పకండి. నాయనమ్మగారికి బేగంపేట మేడ కథ చెప్పండి. పెళ్ళివాళ్ళు "అమ్మాయి ఏం స్పెషలిస్టు?" అని అడిగితే తడబడకుండా చెప్పండి - "రోగం వచ్చాక చూసే డాక్టర్లు మన ఊళ్ళో చాలామంది ఉన్నారండీ. మా అమ్మాయి రోగం రాకుండా చూసే డాక్టరు" అని.